నిందంతా గుర్రం కవచానిదేనా? (డీఎల్‌సీల మీద చర్చ)

పాతసీడీ | శనివారం, రాత్రి 9:40

డీఎల్‌సీల (అసలు ఆటకు తర్వాత విడిగా దించుకునే అదనపు సరుకు) గురించి ఎక్కడ గొడవ మొదలైనా నాలుగో జవాబు దాటకముందే ఎవరో ఒకరు ఆబ్లివియన్ అనే వీడియో ఆటలోని గుర్రాన్ని లాక్కొచ్చి బోనులో నిలబెడతారు. 2006 ఏప్రిల్‌లో ఆ ఆట కంపెనీ బెథెస్డా ఆ గుర్రానికి ఒక కవచం చేసి మైక్రోసాఫ్ట్ ఆటల యంత్రం (కన్సోల్) ఎక్స్‌బాక్స్ 360లో 200 పాయింట్లకు, అంటే రెండున్నర డాలర్లకు అమ్మిందనీ, ఆటల పరిశ్రమ చెడిపోవడం అక్కడే మొదలైందనీ కథ.

నాకు ఈ కథ మింగుడు పడదు. ఆ కవచంలో దాచిపెట్టింది ఏమీ లేదు. ఉక్కుదో ఎల్ఫులదో రెండు రకాల తొడుగులు, గుర్రానికి కాస్త అదనపు ప్రాణం. బొమ్మ ముందే చూపించారు, ధర ముందే చెప్పారు. కొననివాడి ఆటలో ఒక్క గుహ కూడా తగ్గలేదు. ధరకు తగ్గ సరుకు కాదు, నిజమే. కానీ గిట్టని బేరం వేరు, మోసం వేరు. అదే బెథెస్డా మరుసటి ఏడాది షివరింగ్ ఐల్స్ పేరుతో ఏకంగా ఒక కొత్త లోకాన్నే అదే ఆటకు జోడించింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నా దృష్టిలో దారి తప్పింది, ఏమి కొంటున్నామో కొనేవాడికే తెలియకుండా పోయినప్పుడు. అది ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది అన్నది తెలిసినవాళ్లు రాయండి. ఒక్క విన్నపం: బిర్యానీ కొన్నాక రైతాకు వేరే డబ్బులడిగారు లాంటి పోలికలు దయచేసి వద్దు. అందరం వెయ్యిసార్లు విన్నాం. ఆటల పేర్లు, ఏళ్లు, ధరలు మాట్లాడుకుందాం.

లెక్కలపద్దు | శనివారం, రాత్రి 10:05

ధర ముందే చెప్పారా? చెప్పలేదండీ. పాయింట్లు చెప్పారు. 80 పాయింట్లకు ఒక డాలరు. 200ను 80తో భాగించుకుని కొనేవాడు ఎవడు? పైగా కావలసినన్ని విడిగా అమ్మరు, కట్టగా కొనాలి. కొన్నాక కొన్ని మిగులుతాయి. మిగిలినవి వృథా పోతాయన్న బెంగతో ఇంకో కట్ట కొంటాం. కొనేవాడికి తెలియకుండా చేయడం అంటున్నారు కదా, దానికి మొదటి మెట్టు ఇదే, మీరు వెనకేసుకొస్తున్న గుర్రం నిలబడ్డది ఆ మెట్టు మీదే.

మైక్రోసాఫ్ట్ 2013లో పాయింట్లు ఎత్తేసి మామూలు డబ్బుల్లో ధరలు పెట్టింది. అప్పటికే ఆ విద్య మొబైల్ ఆటలకు పాకింది. వజ్రాలు, యూసీ, వీ-బక్స్ లాంటి ఆటల నాణేలు... పేరు ఏదైనా పని ఒకటే, చేతిలో ఉన్నది డబ్బు అన్న సంగతి మరిపించడం.

పాతసీడీ | శనివారం, రాత్రి 10:11

పీసీలో అదే కవచం 1.99 డాలర్లని తేటగా రాసి అమ్మారు. మీ ఫిర్యాదు దుకాణం మీద, సరుకు మీద కాదు.

లెక్కలపద్దు | శనివారం, రాత్రి 10:14

దుకాణం లేకుండా సరుకు లేదు కదా.

సున్నాఖర్చు | శనివారం, రాత్రి 10:52

పెద్దలందరూ న్యాయస్థానం నడుపుతున్నారు, బాగుంది. 2006లో మన ఊళ్లలో ఆబ్లివియన్‌ను అసలు డిస్కు కొని ఆడినవాళ్లు ఎందరో ముందు చేతులెత్తండి. కాపీ సీడీలో అన్నీ కలిపే వచ్చేవి, కవచంతో సహా. పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రూపాయల్లో ధరలు వచ్చింది 2015లో. అంతకు ముందు డాలర్లలో కొందామన్నా చాలామంది దగ్గర దానికి పనికొచ్చే కార్డే లేదు. కాబట్టి ఆ గుర్రం మనల్ని దోచుకుందని మనం ఏడవడం కాస్త అతిగా ఉంది.

నా సిద్ధాంతం ఒకటే. నచ్చకపోతే కొనకండి. రెండేళ్లు ఆగితే అన్నీ కలిపిన ఎడిషన్ సగం ధరకు వస్తుంది.

బ్రూడ్‌వార్ బాబాయి | ఆదివారం, ఉదయం 7:30

బోనులో నిలబెట్టాల్సింది గుర్రాన్ని కాదు, కన్సోల్‌లోని హార్డ్ డిస్కును.

1998లో స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధ ఆటకు బ్రూడ్‌వార్ అనే విస్తరణ సీడీ వచ్చింది. మూడు జాతులకూ కొత్త కథలు, మెడిక్, లర్కర్ వంటి ఏడు కొత్త యూనిట్లు. 2000లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు కాంకరర్స్ వచ్చింది. హూణులు, కొరియన్లు, స్పానియార్డులు, అజ్టెక్‌లు, మాయన్లు, మొత్తం ఐదు కొత్త జాతులు. వాటిని ఇప్పటికీ ఆడుతున్నారు. అలాగని ఆనాటి కంపెనీలు ధర్మసత్రాలేమీ నడపలేదు. డబ్బా అచ్చు వేయించాలి, సీడీ ముద్రించాలి, లారీకి ఎక్కించాలి, దుకాణదారుకు వాటా ఇవ్వాలి. ఇంత ఖర్చు పెట్టి అందులో ఒక గుర్రం తొడుగు పెట్టి పంపితే గిట్టుబాటు కాదు. సరుకు దండిగా ఉండక తప్పని పరిస్థితి అది.

2002లో కన్సోల్‌ను ఇంటర్నెట్‌కు కలిపే ఎక్స్‌బాక్స్ లైవ్ సేవ వచ్చాక ఆ ఖర్చు పోయింది. అమ్మే ముక్క ఎంత చిన్నదైనా పరవాలేదు. ఈ మాట ఎవరూ చెప్పరు, అందరికీ విలన్ కావాలి.

ఇంకో సంగతి. ఇంటర్నెట్‌లో కొత్త సరుకు ఇవ్వడం అప్పటికే ఉంది. 1997లో టోటల్ యానిహిలేషన్ చేసినవాళ్లు విడుదల తర్వాత కూడా కొత్త యూనిట్లను తయారుచేసి ఉచితంగా పెట్టేవారు. దారి ముందే వేసి ఉంది, టోల్ గేటు తర్వాత కట్టారు.

మెష్‌కళాకారుడు | ఆదివారం, ఉదయం 11:18

నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో విదేశీ ఆటలకు త్రీడీ మోడళ్లు చేస్తాను. ఏ స్టూడియో అని అడగకండి, ఒప్పంద పత్రాలు ఉంటాయి.

విడుదల రోజే డీఎల్‌సీ కనిపిస్తే అసలు ఆటలోంచి కోసి పక్కన పెట్టారని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అలా కాదు. ఆట పూర్తయిందని చెప్పి మాస్టర్ కాపీ ఇచ్చాక కన్సోల్ కంపెనీ పరీక్షలు, డిస్కుల ముద్రణ, రవాణా కలిపి వారాలు గడుస్తాయి. మోడలర్లు, బొమ్మలు గీసేవాళ్ల పని అంతకన్నా చాలా ముందే ముగుస్తుంది. చివరి నెలలు ప్రోగ్రామర్లవి, లోపాలు వెతికేవాళ్లవి. అప్పుడు మాలాంటివాళ్లను ఖాళీగా కూర్చోబెట్టలేరు, తీసేస్తే మళ్లీ దొరకరు. అందుకని డీఎల్‌సీ పని అప్పగిస్తారు. విడుదల నాటికి అది సిద్ధంగా ఉండటంలో వింతేమీ లేదు. దాని బడ్జెట్ కూడా వేరుగానే ఉంటుంది.

మరి నిజంగా కోసి అమ్మినవి లేవా అంటే ఉన్నాయి. 2012లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లో 12 మంది యోధులు డిస్కులోనే ఉన్నారు, తాళం వేసి. క్యాప్‌కామ్ వాళ్లను కొన్ని నెలల తర్వాత 20 డాలర్లకు అమ్మింది. జనం డిస్కును తవ్వి చూసి పట్టుకున్నారు. అక్కడ కొనేది సరుకు కాదు, తాళంచెవి. దాన్ని నేను కూడా సమర్థించలేను.

సున్నాఖర్చు | ఆదివారం, ఉదయం 11:40

అదే ఏడాది మాస్ ఎఫెక్ట్ 3 సంగతి చెప్పండి మరి. మొదటి ఆట నుంచీ అంతరించిపోయిందని చెప్పిన ప్రోథియన్ జాతిలో చివరివాణ్ణి విడుదల రోజునే పది డాలర్ల డీఎల్‌సీగా అమ్మారు. కథకు గుండెకాయ లాంటి పాత్ర. అది కూడా ఖాళీగా ఉన్న మోడలర్ల పనేనా?

మెష్‌కళాకారుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

మోడల్ చేసింది మోడలరే. ఎవరిని అమ్మాలో నిర్ణయించింది మోడలర్ కాదు.

పాతసీడీ | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అసురాస్ రాత్ కూడా 2012దే. అసలు ముగింపునే డీఎల్‌సీగా అమ్మింది. ఆ ఏడాదికి ఏదో దోషం ఉన్నట్టుంది.

డల్లాస్ కన్సోల్ | సోమవారం, ఉదయం 6:15

అసలు మలుపు నేను చెబుతాను. వినడానికి మనకే ఇబ్బందిగా ఉంటుంది.

ఇక్కడ అమెరికాలో 2010 నాటికి కంపెనీల పెద్ద బాధ పాత డిస్కులు. ఒకడు కొని, ఆడి, దుకాణంలో తిరిగి అమ్మేస్తాడు. రెండోవాడు దాన్ని తక్కువకు కొంటాడు. ఆ రెండో అమ్మకంలో ఆట చేసినవాళ్లకు ఒక్క సెంటు రాదు. అందుకే ఈఏ అనే ఆటల కంపెనీ ఆన్‌లైన్ పాస్ పెట్టింది. కొత్త డిస్కుతో పాటు ఒక కోడ్ వస్తుంది, ఒకసారి వాడితే అయిపోతుంది. పాత డిస్కు కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే పది డాలర్లు కట్టాలి. జనం తిట్టారు. 2013లో ఎత్తేశారు. కానీ డీఎల్‌సీ కూడా అదే పని మరింత సాఫీగా చేస్తుంది. నెలల తరబడి కొత్త ముక్కలు వస్తూ ఉంటే డిస్కు అమ్మబుద్ధి కాదు.

అదే 2010 మార్చిలో మోడర్న్ వార్‌ఫేర్ 2 అనే తుపాకీ ఆటకు మ్యాప్ ప్యాక్ (పోరాడే మైదానాల కట్ట) వచ్చింది, 15 డాలర్లు. ఐదు మ్యాప్‌లు, అందులో రెండు అంతకు ముందటి ఆటలోవే. అయినా జనం ఎగబడి కొన్నారు. ఏటా అదే తంతు నడిచింది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, నలుగురు స్నేహితుల్లో ఒకడు కొనకపోతే ఆ మ్యాప్‌లో నలుగురూ కలిసి ఆడలేరు. ఆడేవాళ్లు రెండు ముక్కలయ్యారు. ఏడాది గడిచేసరికి డబ్బు పెట్టి కొన్న మ్యాప్‌లోనే తోడు దొరికేది కాదు. 2015లో వచ్చిన స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్‌కు సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలకు కలిపి ముందే కట్టే డబ్బు) 50 డాలర్లు, దాదాపు ఆట ధర. మళ్లీ తిట్టాం. మ్యాప్‌లు అందరికీ ఉచితంగా ఇవ్వండి, ఆటగాళ్లను విడదీయకండి అని అన్ని వేదికల మీదా మనమే అడిగాం. నేనూ సంతకం పెట్టినవాణ్ణే.

ఇచ్చారు. 2016లో ఓవర్‌వాచ్ కొత్త వీరులనూ మ్యాప్‌లనూ ఉచితంగా ఇచ్చి, డబ్బు లూట్ బాక్సుల మీద, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెల మీద రాబట్టుకుంది. 2017లో బ్యాటిల్‌ఫ్రంట్ 2 సీజన్ పాస్ తీసేసింది, దాని చోట పెట్టెలు పెట్టింది. ఆ పెట్టెల్లో పోరాటంలో పనికొచ్చే కార్డులు. డార్త్ వేడర్‌గా ఆడాలంటే 60,000 క్రెడిట్లు కూడబెట్టాలి. దాన్ని సమర్థిస్తూ రెడిట్‌లో ఈఏ రాసిన జవాబుకు ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. విడుదలకు ముందు రోజు డబ్బుతో కొనే ఏర్పాటును ఆపేయాల్సి వచ్చింది.

ఏమి కొంటున్నామో తెలియకుండా పోయింది ఎప్పుడు అని పాతసీడీ గారు అడిగారు. ఏమి కొంటున్నామో స్పష్టంగా తెలిసిన మ్యాప్ ప్యాక్‌ను మనం తరిమేసినప్పుడు.

బ్రూడ్‌వార్ బాబాయి | సోమవారం, ఉదయం 7:05

బాగా చెప్పారు కానీ తారీఖు తేడా. ఫిఫా ఫుట్‌బాల్ ఆటలో అల్టిమేట్ టీమ్ అనే విభాగం 2009 మార్చిలోనే వచ్చింది. ప్యాకెట్ కొను, విప్పు, ఏ ఆటగాడు వస్తాడో నీ అదృష్టం. మోడర్న్ వార్‌ఫేర్ 2 మ్యాప్‌ల కన్నా ఏడాది ముందు. అక్కడ ఎవరూ మ్యాప్‌ల గురించి గొడవ చేయలేదు, అసలు ఫుట్‌బాల్‌కు మ్యాప్‌లే లేవు.

డల్లాస్ కన్సోల్ | సోమవారం, ఉదయం 7:20

ఫిఫాలో మొదలైంది, సరే. కానీ ఒక క్రీడల ఆటలో మూలన ఉన్నది తుపాకీ ఆటల్లోకి, కథల ఆటల్లోకి ఎందుకు పాకింది అన్నది నా ప్రశ్న. సీజన్ పాస్ పోయిన చోట ఖాళీ ఏర్పడింది, దాన్ని నింపడానికి తయారుగా ఉన్న పరికరం అది.

రైలుపిచ్చి | సోమవారం, సాయంత్రం 5:48

మీరంతా తుపాకుల గురించే మాట్లాడుతున్నారు. ట్రైన్ సిమ్యులేటర్‌కు స్టీమ్‌లో వందల డీఎల్‌సీలు ఉన్నాయి. మొత్తం కలిపితే వేల డాలర్లని ఏటా ఎవరో ఒకరు ఆ పట్టికను బొమ్మ తీసి పెట్టి నవ్వుతారు. నవ్వేవాడు మా సంగతి ఎరగడు. అన్నీ కొనేవాడు మాలో ఎవడూ లేడు. ఒకడికి జర్మనీ కొండ మార్గాలు కావాలి, ఇంకొకడికి బ్రిటన్ ఆవిరి ఇంజన్లు కావాలి. నాకు సరుకు రవాణా బళ్లు ఇష్టం, ప్రయాణికుల బళ్లు ఊరకే ఇచ్చినా నడపను. సిగ్నళ్లతో, వంపులతో, స్టేషన్లతో ఒక మార్గాన్ని ఉన్నదున్నట్టు కట్టాలంటే నెలల పని. అది కొనేవాళ్లు కొద్దిమంది. విడివిడిగా అమ్మకపోతే ఎవరూ కట్టరు.

డీఎల్‌సీ అంటేనే దోపిడీ అనే వాళ్లు ఒక్క వారం మా వైపు వచ్చి కూర్చోండి.

సున్నాఖర్చు | సోమవారం, సాయంత్రం 6:30

పారడాక్స్ కంపెనీ ఆటలను కూడా ఇలాగే సమర్థిస్తారు. క్రూసేడర్ కింగ్స్ 2 2012 నుంచి 2018 దాకా డీఎల్‌సీలు అమ్ముకుంటూ బతికింది, ప్రతిదానితో పాటు అందరికీ ఉచిత ప్యాచ్ ఇచ్చిందని పొగుడుతారు. ఆరేళ్లు వెంట నడిచినవాడికి అది పండగే. కొత్తగా వచ్చినవాడి సంగతి? దుకాణం పేజీ తెరిస్తే ధరల జాబితా గోడలా ఎదురుగా నిలబడుతుంది, ఏది లేకపోతే ఆట కుంటుతుందో తెలుసుకోవడానికి వేరే చదువు చదవాలి. చివరికి వాళ్లకే అర్థమై 2019లో అసలు ఆటను ఉచితం చేశారు. సిమ్స్ 4 కూడా 2022లో అదే దారి పట్టింది. అసలు ఆట ఊరికే, ప్యాక్‌లన్నీ కలిపితే వెయ్యి డాలర్లు దాటుతుంది.

అన్నట్టు, 2025లో ఆబ్లివియన్ రీమాస్టర్ (పాత ఆటకే కొత్త మెరుగులు దిద్దినది) వచ్చింది కదా. దాని డీలక్స్ ఎడిషన్‌లో అదనంగా ఏమిచ్చారో చూశారా? కొత్త గుర్రం కవచాలు.

పాతసీడీ | సోమవారం, సాయంత్రం 6:41

చూశాను. కనీసం వాళ్లకు హాస్యం తెలుసు.

మెష్‌కళాకారుడు | సోమవారం, రాత్రి 9:10

ఇంకో కోణం ఎవరూ ఎత్తలేదు. పెద్ద ఆటల ధర అమెరికాలో 2005 ప్రాంతం నుంచి 2020 దాకా 60 డాలర్ల దగ్గరే నిలిచిపోయింది. ఈ మధ్యలో ఒక్కో పాత్రకు మేము చేసే పని ఎన్ని రెట్లు పెరిగిందో చెబితే నమ్మరు. ముఖం మీద చర్మ రంధ్రాలు కూడా చెక్కుతున్నాం. ధర పెంచితే గోల చేస్తారని కంపెనీలు మిగతా డబ్బును పక్కదారిలో రాబట్టాయి. ఆ తర్వాత 70 చేశారు, పక్కదారి మాత్రం మూయలేదు. అక్కడే నాకు కోపం.

గోడమీదపిల్లి | సోమవారం, రాత్రి 10:35

ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. కొన్నది ఏమిటో తెలియకపోవడం గురించి రాస్తున్నారు. కొన్నది తర్వాత ఉంటుందా అని కూడా అడగండి.

డెస్టినీ 2 నేను విడుదలైన 2017లోనే డబ్బు పెట్టి కొన్నాను. దాని డీఎల్‌సీలు కర్స్ ఆఫ్ ఓసిరిస్, వార్‌మైండ్ కూడా కొన్నాను. 2020 నవంబరులో ఆట చేసిన బంగీ కంపెనీ ఆ రెండింటితో పాటు అసలు ఆటలోని రెడ్ వార్ కథను కూడా ఆటలోంచి తీసేసింది. ఆట బరువెక్కిందని, సంరక్షణ కష్టమని కారణం చెప్పారు. 2022 ఫిబ్రవరిలో ఫర్‌సేకెన్ కథ కూడా వెళ్లిపోయింది. అందులోనే కేడ్ అనే ముఖ్య పాత్ర చనిపోయేది. కొత్తగా వచ్చినవాడికి ఆ కథ మొత్తంగా ఆడే వీల్లేకపోయింది. బాబాయి గారి బ్రూడ్‌వార్ సీడీ గీతలు పడకుండా ఉంటే ఇవాళ కూడా నడుస్తుంది.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇలాంటి డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, దొరికేది వాడుకునే అనుమతి మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. చెబుతారు, నిజమే. ఆట మాత్రం తిరిగి రాదు.

ఇద్దరుపిల్లలతల్లి | మంగళవారం, మధ్యాహ్నం 2:20

నాకు ఈ ఆటల పేర్లు సగం తెలియవు. మా చిన్నవాడు ఎనిమిదో తరగతి. ఫోనులో ఒక ఆట ఆడతాడు, పేరు రాయను. అది ఉచితం అనే దించుకోనిచ్చాను. వాళ్ల నాన్న ఫోనులో కార్డు వివరాలు ముందే ఉన్నాయి. ఒక నెల బ్యాంకు సందేశాలు చూస్తే మా ఇంటి కిరాణా ఖర్చంత డబ్బు చిన్న చిన్న మొత్తాలుగా వెళ్లిపోయింది. వాణ్ణి కూర్చోబెట్టి ఏమి కొన్నావని అడిగితే వాడికే తెలియదు. ఒక చొక్కా కోసం పెట్టెలు తెరుస్తూ పోయాడట. చొక్కా చివరికి రాలేదట.

మీ గుర్రం కవచం నాకు చాలా మర్యాదగా కనిపిస్తోంది. వాడు ఆ డబ్బు పెట్టి కనీసం ఒక గుర్రం తొడుగు కొని ఉంటే ఇదిగో కొన్నాను అని చూపించేవాడు.

దీన్ని జూదం అనరా? మన రాష్ట్రాల్లో ఆన్‌లైన్ రమ్మీని ఆపారు కదా?

లెక్కలపద్దు | మంగళవారం, సాయంత్రం 4:02

అమ్మా, రమ్మీ విషయం కరెక్టే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. కానీ వాటి గురి డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద. మీ వాడికి వచ్చేది చొక్కా, దాన్ని ఆటలో తిరిగి డబ్బు చేసుకోలేడు. ఆ సందులోంచే పెట్టెలు తప్పించుకుంటాయి.

బెల్జియం మాత్రం ఆ సందును ఒప్పుకోలేదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి గేమింగ్ కమిషన్ ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్ పెట్టెలు జూద చట్టం కిందికి వస్తాయని తేల్చింది. ఫలితం అదృష్టం మీద ఉంది, పందెం ఉంది, గెలుపోటములు ఉన్నాయి, చాలు అన్నారు. 2019 జనవరిలో ఈఏ ఆ దేశంలో ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపింది. నెదర్లాండ్స్‌లో కూడా కోటి యూరోల జరిమానా దాకా వెళ్లింది, కానీ 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఒకే రకం పెట్టె, పక్క పక్క దేశాలు, తీర్పులు వేరు.

అమెరికాలో 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ చేసే ఎపిక్ కంపెనీ 24.5 కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అనుకోకుండా నొక్కినా కొనేసేలా మీటలు అమర్చారని ఆరోపణ. పిల్లల వివరాల గోప్యతకు సంబంధించిన 27.5 కోట్ల జరిమానా దానికి అదనం.

మీరు ఇప్పుడు చేయగలిగింది: ఫోనులోని యాప్ దుకాణం అమరికల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. కార్డు వివరాలు తీసేయండి. డబ్బు తిరిగి ఇమ్మని దుకాణానికి వెంటనే అర్జీ పెట్టండి, పిల్లవాడు చేసిన కొనుగోలు అని రాయండి. ఆలస్యమైతే కష్టం.

సున్నాఖర్చు | మంగళవారం, సాయంత్రం 4:30

నచ్చకపోతే కొనకండి అన్నాను కదా, అది పెద్దవాళ్లకు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఆ మాట చెప్పను.

డల్లాస్ కన్సోల్ | బుధవారం, ఉదయం 6:00

మరీ చీకటిగా ఉంది, కాస్త మంచి కూడా రాద్దాం. విచర్ 3 2015లో 16 చిన్న డీఎల్‌సీలు ఊరికే ఇచ్చి, పెద్దవి రెండే అమ్మింది. అందులో రెండోది, 2016 మేలో వచ్చిన బ్లడ్ అండ్ వైన్, ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ ఆర్‌పీజీగా (ఒక పాత్రగా మారి ఆడే కథల ఆట) గెలిచింది, కొత్త ఆటలను ఓడించి. 2024లో ఎల్డెన్ రింగ్ విస్తరణ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ ఏకంగా ఏడాది ఉత్తమ ఆటకే పోటీలో నిలిచింది. 40 డాలర్లు.

బ్రూడ్‌వార్ బాబాయి | బుధవారం, ఉదయం 7:12

దాన్ని పోటీకి ఎలా తీసుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అసలు ఆట కొని, అందులో పెద్ద రాక్షసులను ఇద్దరిని చంపితే గానీ ఆ విస్తరణ తలుపే తెరుచుకోదు. ఒంటరిగా నిలబడలేనిది ఏడాది ఉత్తమ ఆట ఎలా అవుతుంది?

డల్లాస్ కన్సోల్ | బుధవారం, ఉదయం 7:25

బ్రూడ్‌వార్ మాత్రం స్టార్‌క్రాఫ్ట్ లేకుండా నడిచిందా బాబాయి గారూ?

బ్రూడ్‌వార్ బాబాయి | బుధవారం, ఉదయం 7:31

బ్రూడ్‌వార్ సంగతి వేరు.

ఇద్దరుపిల్లలతల్లి | బుధవారం, రాత్రి 8:55

లెక్కలపద్దు గారూ, కార్డు తీసేశాను, పాస్‌వర్డ్ పెట్టాను, అర్జీ పెడితే కొంత డబ్బు వెనక్కి వచ్చింది. చాలా కృతజ్ఞతలు. వాడికి వచ్చే వారం పుట్టినరోజు. బట్టలు వద్దు, గిఫ్ట్ కార్డు కావాలంటున్నాడు. ఏ ఆటదో అడిగితే చెప్పడం లేదు.